సగం దించిన షట్టర్

మా మేడమ్ పోయారు. సోమవారం పొద్దున పంజగుట్ట దగ్గర రోడ్డు దాటుతుంటే నీళ్ళ ట్యాంకర్ గుద్దింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందన్నారు. ఈ కబురు నాకు చెప్పింది వాళ్ళింటివాళ్ళు కాదు. మా ల్యాబ్ పై అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోచింగ్ నడిపే ఓనరు ఫోన్ చేసి "తమ్మీ, అక్క పోయింది" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయన మేడమ్‌కి తమ్ముడేం కాడు. పోయిన వేసవిలో ఆమె పన్ను ఊడగొట్టిన మనిషి. ఆ సంగతికి వస్తాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అనీ, మృదుభాషి అనీ రాయడం మనకి అలవాటు. మా మేడమ్ గురించి అలా రాస్తే ఆమె లేచొచ్చి నా వీపు విమానం మోత మోగిస్తారు. ఆమె రోడ్డు దాటడమే ఒక యుద్ధంలా ఉండేది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఎక్కడైనా సరే, ఎడమ చెయ్యి పైకెత్తి, "ఆగురా, మనిషి కనవడ్తలేదా?" అని బస్సుని తిట్టుకుంటూ నడిచిపోయేవారు. పక్కన నేనుంటే కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆమె తిట్టిన బండ్లన్నీ ఇన్నేళ్ళూ ఆగాయి, ఆ ఒక్కటే ఆగలేదు. నాకు ఆ ట్యాంకర్ మీద ఎంత కోపముందో, ఎత్తిన ఆ చెయ్యి మీదా అంతే ఉంది. ఈ కోపం తగ్గాక రాద్దామని కూర్చుంటే ఎప్పటికీ రాయలేను.

మా పనేంటో చాలామందికి తెలియదు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక పాత విద్యా ట్రస్టు భవనం సెల్లార్‌లో, ఆటో యూటర్న్ తీసుకునేంత చోటులో, గుండ్రంగా వంచిన పైపు ఒకటి ఉంది. దాని పొడుగునా చిన్న చిన్న అయస్కాంతాలు. పైపులో గాలి లేకుండా తోడేసి, ఒక చోట నుంచి ఎలక్ట్రాన్ల గుంపుని లోపలికి కాలుస్తాం. అయస్కాంతాలు ఆ గుంపుని వంచుకుంటూ, పిండుకుంటూ చుట్టూ తిప్పుతాయి. దాన్నే మేం బీమ్ అంటాం. ఎలక్ట్రాన్లన్నీ ఒకే జాతివి కాబట్టి ఒకదానికొకటి అస్సలు పడదు. గుంపు ఎంత చిక్కగా ఉంటే లోపల తన్నులాట అంత ఘోరంగా ఉంటుంది. ఉబ్బిపోయి, చీలిపోయి, పైపు గోడకి కొట్టుకుని చస్తుంది. ఆ తన్నులాట ఎట్లా మొదలవుతుంది, ఎట్లా ముదురుతుంది, ఎట్లా అదుపులో పెట్టాలి అన్నదే మేడమ్ జన్మంతా చేసిన చదువు.

"సాయంత్రం అమీర్‌పేట మెట్రో ఎక్కు, నీకే సమజైతది," అనేవారు కొత్తవాళ్ళతో. "ఒకలిద్దరుంటే ఎవరి సీటు వాళ్ళది. డబ్బా నిండిందనుకో, మోచేతులు లేస్తయ్. పల్చటి బీమ్‌ని ఎవడన్నా తిప్పుతడు. నాకు గా నిండిన డబ్బా గావాలె."

మరి ఇంత చిన్న రింగెందుకని నేనూ మొదట్లో అడిగాను. పెద్ద యంత్రాల్లో ఎలక్ట్రాన్లు దాదాపు వెలుతురంత వేగంతో పోతాయి, ఆ వేగంలో వాటి పోట్లాట బయటపడదు. మాది నిదానం బండి. పోట్లాట మొత్తం కళ్ళ ముందు జరుగుతుంది. "గరీబోళ్ళ రింగు గాదురా ఇది, కొట్లాటలు చూసే రింగు," అన్నారు మేడమ్. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన గర్వం నాకిప్పటికీ గుర్తే.

ఆమె దగ్గర పీహెచ్‌డీకి చేరిన మొదటి రోజు నాకు ఇచ్చిన స్వాగతం గురించి చెప్పాలి. ఎలక్ట్రాన్లని కాల్చే చోట వేల వోల్టులుంటాయి. కరెంటు కట్టేసినా అది కొంతసేపు లోపల దాక్కునే ఉంటుంది. అందుకని చివర రాగి కొక్కెం ఉన్న పొడవాటి కర్ర ఒకటి పెట్టుకుంటాం. దానికి భూమిలోకి పోయే తీగ కట్టి ఉంటుంది. లోపల చెయ్యి పెట్టేముందు ఆ కొక్కెం తగిలించి, మిగిలిన కరెంటుని దింపేయాలి. చేరిన ప్రతివాణ్ణీ మేడమ్ దగ్గరికి పిలిచి, నోటితో ఏమీ చెప్పకుండా ఆ కర్రని యంత్రానికి తగిలించేవారు. తుపాకీ పేలినట్టు చప్పుడు, నీలం మెరుపు, కాలిన వాసన. నేను వెనక్కి గెంతి గోడకి గుద్దుకున్నాను.

"చప్పుడు ఇన్నవ్ గదా. గది నీ చేతికెళ్ళి పోతే నీకు ఇనవడది," అని తన ఎడమ చెయ్యి చూపించారు. రెండు వేళ్ళు కాలి, వంకర తిరిగి ఉన్నాయి. రోడ్డు మీద బస్సుల్ని ఆపిన చెయ్యి అదే.

ఆమె పుట్టి పెరిగింది యూసుఫ్‌గూడలో. నాన్నగారిది లారీ బాడీలు కట్టే షెడ్డు. పొద్దుగూకులూ సుత్తి దెబ్బల మధ్య మాట్లాడి మాట్లాడి గొంతు అలా తయారైందని ఆమే అనేవారు. మనిషి చూస్తే బాగా పొట్టి. నేను గోదావరి వైపు నుంచి వచ్చిన పొడుగువాణ్ణి. ఆమె నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, "ఏమయ్యా గోదారీ" అనే పిలిచారు. ప్రేమొచ్చినా అదే పిలుపు, కోపమొచ్చినా అదే. కోపమొస్తే మాత్రం చేతిలో ఉన్నది విసిరేవారు. ఎక్కువగా డస్టరు, ఒకసారి టీ గ్లాసు. నా కనుబొమ్మ మీద ఉన్న గీత ఆ గ్లాసుదే. మర్నాడు దూదీ, ఆయింట్‌మెంటూ ఆమే తెచ్చి, రాస్తున్నంతసేపూ నన్నే తిట్టారు.

ల్యాబ్‌లోకి ఇనుము రాకూడదన్నది ఆమె చట్టం. మా బీమ్ ఎంత బలహీనమంటే, భూమికి ఉండే అయస్కాంత శక్తికే వంగిపోతుంది. పక్కన చిన్న ఇనుప ముక్క ఉన్నా దారి తప్పుతుంది. కాబట్టి బెల్టు బకిల్స్ బయటే తీయాలి. పిన్నీసులు ఇత్తడివే. నా చేతికి అమ్మ కట్టించిన ఇనుప కడియం మొదటి వారమే ఊడింది. కుర్చీలు చెక్కవి, నిచ్చెన వెదురుది. ట్రస్టువాళ్ళు ప్రేమగా పంపిన ఇనుప బీరువాని ఆమె భవనం ముందు మెట్ల మీద నుంచే రోడ్డు మీదికి తోసేశారు. అది కిందదాకా దొర్లి తలుపులు ఊడిపోయాక కూడా దాని మీదున్న కోపం తీరలేదు.

ఇక షట్టర్. సెల్లార్‌కి రోడ్డు వైపు ఒకప్పటి గోడౌన్ షట్టర్ ఉంది. పొద్దున్నే వచ్చి మేడమ్ తాళం తీసి, దాన్ని తన తలకి సరిపడా మాత్రమే లేపేవారు. తను తిన్నగా నడిచి లోపలికి పోయేవారు. వెనకాల వచ్చే నేను వంగాలి. సరిగ్గా వంగకపోతే నుదుటికి అంచు తగిలేది. "ఎత్తు వెరిగి ఏం జేసినవ్ గోదారీ," అనేవారు వెనక్కి చూడకుండానే. నేను లోపలికొచ్చాక నా చేతే కిందికంటా దింపించేవారు. దుమ్ము పడదామెకి.

పోయిన వేసవిలో మా ఏసీ చచ్చిపోయింది. బాగు చేయిస్తామని ట్రస్టు ఊరుకుంది. మధ్యాహ్నం అయ్యేసరికి లోపల ఉడికిపోతున్నాం, షట్టర్ ఎత్తి పెట్టుకోవడం మొదలెట్టాం. సరిగ్గా అప్పుడే బీమ్ మధ్యాహ్నం పూట చచ్చిపోవడం కూడా మొదలైంది. పైపులో గుంపు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద ఒక్కో గీత లేస్తుంది. బాగున్న రోజు తెర మీద దువ్వెన పళ్ళలా వరసగా కనిపిస్తాయి. పొద్దున నిండుగా ఉన్న దువ్వెనకి మధ్యాహ్నమయ్యేసరికి నాలుగు పళ్ళు కూడా మిగలట్లేదు.

అది మామూలు రోజుల్లో అయితే ఓపిక పట్టేవాళ్ళమేమో. ట్రస్టు కొత్త చైర్మన్ గారు అప్పటికే తేల్చి చెప్పారు. చిక్కటి బీమ్ వంద చుట్లు నిలబడటం కమిటీ కళ్ళారా చూడాలి, లేదా సెల్లార్ ఖాళీ చెయ్యాలి. ఖాళీ అయితే దాన్ని అద్దెకి అడిగింది పై అంతస్తు ఓనరే. పైన మధ్యాహ్నం బ్యాచ్ మొదలయ్యే వేళకే కింద బీమ్ చస్తోంది. మా రింగు నెత్తి మీదే ఆయన పెద్ద యూపీఎస్ పెట్టించాడు, దాని అయస్కాంత శక్తి కూడా బీమ్‌ని వంచగలదు. మేడమ్‌కి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

ఆ రోజు ఆమె పైకెళ్ళి, క్లాసు నడుస్తుండగానే ఆ యూపీఎస్ వైరు పట్టి లాగేశారు. రెండు హాళ్ళ కంప్యూటర్లు ఆరిపోయాయి. ఆమె కిందికి దిగీ దిగకముందే ఓనరు తన మనుషులతో వెంటబడి ల్యాబ్‌లోకి వచ్చాడు. జనగామ వైపు మనిషి, ఒకప్పుడు కుస్తీ పట్టిన ఒళ్ళు.

"ఏందమ్మా, ఎవరనుకుంటున్నవ్? పోరగాళ్ళ పరీక్ష నడుస్తుంటే కరెంట్ తీస్తవా?"

"నా బీమ్ ఎవడు తీస్తుండు? నువ్వు గాదా? సెల్లార్ గావాలంటే నన్ను సంపి తీస్కో."

నేను "అండీ, కాస్త ఆగండి" అంటూ మధ్యలోకి వెళ్ళాను. మొదటి దెబ్బ నాకే పడింది. ముక్కులోంచి రక్తం కారుతుంటే మేడమ్ చూశారు. ఇంతకాలం ప్రాణాలు కాపాడే వస్తువని మా చేత దండం పెట్టించినంత పని చేసిన ఆ రాగి కొక్కెం కర్రని గోడ మీంచి లాగి, తిప్పి ఆయన చెవి మీద కొట్టారు. చెవి తెగింది. ఆయన రెండు చేతులతో ఆమెని తోశాడు. ఆమె వెళ్ళి రింగు స్టాండుకి మూతి కొట్టుకుని పడ్డారు. పన్ను ఊడి నేల మీద పడింది, పైపంతా రక్తం. నేను దొరికినవాణ్ణి దొరికినట్టు గుద్దాను. నన్ను ముగ్గురు పట్టుకుని చావగొట్టారు. రోడ్డు మీద జనం పోగవుతున్నారని ఓనరు మనిషొకడు పరిగెత్తి షట్టర్ కిందికంటా దించేశాడు, బయటివాళ్ళు చూడకుండా.

షట్టర్ నేలకి తాకిన చప్పుడైంది. మరుక్షణం మేడమ్ అరుపు వినపడింది.

"ఆగున్రి! ఎవడూ కదలొద్దు!"

ఆ గొంతుకి నన్ను కొడుతున్న చెయ్యి కూడా ఆగిపోయింది. ఆమె నేల మీద కూర్చుని, నోట్లోంచి రక్తం కారుతుండగా, తెర వైపు చూస్తున్నారు. గొడవలో రింగు ఎవరూ ఆపలేదు. తెర మీద దువ్వెనకి పళ్ళన్నీ వచ్చేశాయి.

"షట్టర్ లేపున్రి," అన్నారు. ఓనరు తన మనిషి వైపు చూశాడు. వాడు లేపాడు. పళ్ళు రాలిపోయాయి. "దించున్రి." మళ్ళీ వచ్చాయి. తెగిన చెవి పట్టుకుని ఓనరే వెళ్ళి ఈసారి తన చేత్తో లేపాడు, దించాడు. పిన్నీసుల దగ్గర్నుంచి బయట పెట్టించిన మేము, రింగు పక్కనే నిలువెత్తున వేలాడే ఇనుప రేకుని ఇన్నేళ్ళూ ఇనుమని లెక్కపెట్టలేదు. అది ఎప్పుడూ దించే ఉండేది, మా కొలతలన్నీ అది దించి ఉండగా తీసినవే. మాకది గోడ.

"లారీ బాడీల షెడ్డుల పుట్టిన," అన్నారు మేడమ్, ఎవరితోనో కాదు. "ఇనుమే కనవడలే నాకు."

తర్వాత జరిగింది నేను ఊహించనిది. ఓనరు ఆమెని బండెక్కించుకుని అమీర్‌పేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె ముందు ఓనరు చెవి సంగతి చూడమని ఆ డాక్టరుతో పోట్లాడి, పక్కనున్న క్లినిక్‌లో దానికి కుట్లు వేయించారు. మర్నాడు వాచిన మూతితో పైకెళ్ళి, హాలు నిండా ఉన్న పిల్లల ముందు నిలబడ్డారు. "నిన్న మీ కరెంట్ తీసింది నేనే. కారణం చూడకుంట తీసిన. బీమ్ ఏడ చచ్చిందో ఆడనే చూసిన, ఏడికెళ్ళి బయల్దేరిందో చూడలే. మీరు సుత గట్ల చెయ్యకున్రి." ఆ పిల్లలకి ఎంత అర్థమైందో తెలియదు, కానీ ఓనరు చప్పట్లు కొట్టాడు. అప్పట్నుంచి ఆయన కింద టీ తాగని రోజు లేదు.

సెల్లార్ మీద ఆశ మాత్రం ఆయన వదులుకోలేదు. "నువ్వు గెలిస్తే నీకు అక్కా, లేకుంటే నాకు. గంతే," అనేవాడు మొహమాటం లేకుండా. మేడమ్‌కి ఆ మాట నచ్చేది. "ముందట చెప్తడు, బాజాప్తా చెప్తడు," అనేవారు. ఏడాది పొడుగునా పోట్లాడి పోట్లాడి, పోయిన వారమే మొదటిసారి చిక్కటి బీమ్‌ని వంద చుట్లు దాటించాం. ఆమె నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కమిటీ వచ్చే రోజు బుధవారం. ఆమె సోమవారం పోయారు.

చైర్మన్ గారికి ఫోన్ చేసి వాయిదా వేయమని బతిమాలాను. అందరికీ కుదిరిన తేదీ అండీ, మారిస్తే మళ్ళీ ఎప్పటికో అన్నారు. మంగళవారం దహనం అయింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఆమె సంచిలో రెండు ఇత్తడి పిన్నీసులున్నాయి. ఇనుము దగ్గరికి రానివ్వని మనిషిని అంత ఇనుము వచ్చి గుద్దింది. అది తలుచుకుని శ్మశానంలో గోడని గుద్దుకున్నాను. వేళ్ళ మీద తోలు ఇప్పటికీ మానలేదు.

బుధవారం పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేసరికి మా షట్టర్ సగం దించి ఉంది. పైకీ లేదు, కిందికీ లేదు. మేడమ్ ఎప్పుడో ఇచ్చి ఉంచిన రెండో తాళంచెవి చేతిలో పట్టుకుని ఓనరు దాని పక్కన నిలబడి ఉన్నాడు. ఎత్తి ఉంచితే ఏం చెయ్యాలో మాకు తెలుసు, మొత్తం దించితే కూడా తెలుసు. సగానికి మా దగ్గర ఏ కొలతలూ లేవు. కమిటీ వచ్చే పూట, సెల్లార్ ఎవరికి కావాలో ఆ మనిషే దీన్ని ఇలా పెట్టాడు. నేను వెళ్ళి ఆయన కాలర్ పట్టుకున్నాను. గొంతు నులిమేద్దామన్నంత కోపంతోనే పట్టుకున్నాను. ఆయన ఒక్క చేత్తో నన్ను ఎత్తి అవతల పారెయ్యగలడు. చెయ్యి కూడా ఎత్తలేదు.

"తమ్మీ, మనిషి పోయింది," అన్నాడు. "పూర తెరిస్తే ఏం గానట్టు ఉంటది. పూర దించితే దుకాణం బంద్ అయిందంటరు. అక్క పోయింది, దుకాణం బంద్ గాలే. మూడో దినం దాకా సగం దించుడు మా రివాజు. పైన నావి సుత అన్నీ సగమే దించిన, చూడు."

తలెత్తి చూశాను. పైన ఆయనవీ, పక్కన టిఫిన్ సెంటరువాడిదీ, మూలనున్న జిరాక్స్ షాపుదీ, అన్నీ సగానికి దించి ఉన్నాయి.

"నీ బీమ్ సంగతి నాకెర్కే. గీ షట్టర్ నాతోని ఎన్నిమార్లు లేపిచ్చిందో అక్క. నువ్వు చెప్పు, ఇప్పుడే దించుత." చెయ్యి షట్టర్ అంచు మీద పెట్టి నా మొహంలోకి చూశాడు.

దించెయ్యమనడమే తెలివైన పని. ఆమె ఏడాది కష్టం, ఆ గది, నా చదువు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. అయినా "ఉండనివ్వండి అన్నా," అన్నాను. వంగి లోపలికి వెళ్ళాను. అంచు నుదుటికి తగిలింది.

కరెంటు ఒకసారి వేసి కట్టేసి, కొక్కెం కర్ర తగిలించి, చప్పుడు విని, పనిలోకి దిగాను. బీమ్ మొదటి చుట్టులోనే గోడకి కొట్టుకుంటోంది. చచ్చిన చోట కాదు, బయల్దేరిన చోట చూడాలి. మొదటి అయస్కాంతం నుంచి మొదలుపెట్టి, ఒక్కోదాన్ని వెంట్రుకవాసి మారుస్తూ పోయాను. పది పళ్ళు వచ్చేవి, విరిగేవి. ఇరవై వచ్చేవి, విరిగేవి. పక్కన స్టూలు మీద కూర్చుని ఓనరు పళ్ళు లెక్కపెడుతున్నాడు. నేను పళ్ళు కొరుకుతూ, ఆమెని తిడుతూ, ఎందుకు చెయ్యి ఎత్తావని తిడుతూ, కళ్ళు తుడుచుకుంటూ తిప్పాను.

కమిటీ వచ్చింది. చైర్మన్ గారు బయటే ఆగి, "షట్టర్ చెడిపోయిందా?" అని అడిగారు.

"చెడిపోలే సార్," అన్నాడు ఓనరు. "మనిషి పోయింది. జర వంగి రాండ్రి."

అందరూ వంగి వచ్చారు. నేను చిక్కటి బీమ్ వదిలాను. తెర మీద పళ్ళు లేస్తూ పోయాయి. వంద దగ్గర కాస్త వణికాయి, దాటాయి, ఇంకా పోయాయి. చైర్మన్ గారు కళ్ళజోడు సర్దుకుని రెండోసారి చూపించమన్నారు. చూపించాను. సెల్లార్ మాకే ఉంటుందని ఆ సాయంత్రం కబురు పంపారు. ఆ కబురు నాకు చదివి వినిపించిన ఓనరే, "గెలిచింది అక్క" అని, ముక్కు చీదుకుని పైకి వెళ్ళిపోయాడు.

మూడో దినం అయ్యాక ఆయన షట్టర్ ఎత్తడానికి వచ్చాడు. వద్దన్నాను. కొలతలన్నీ ఇప్పుడు ఈ ఎత్తుకే ఉన్నాయి, కదిపితే బీమ్ పోతుంది అన్నాను. అది నిజమే. అంతకంటే నిజం ఇంకోటుంది. ఆ రోజు కమిటీ వెళ్ళిపోయాక ఒక్కణ్ణే స్టూలు మీద కూలబడి, లోపల్నుంచి షట్టర్ కింద ఖాళీని చూశాను. ఆ ఎత్తు నాకు తెలుసు. రోజూ పొద్దున మేడమ్ తన కోసం లేపుకున్నది సరిగ్గా అంతే.

ఇప్పుడు మా ల్యాబ్‌లోకి ఎవరొచ్చినా తల వంచే రావాలి, చైర్మన్ గారైనా, టీ తెచ్చేవాడైనా. వంచకుండా నడిచొచ్చే మనిషి ఒక్కరే ఉండేవారు. పొద్దున ఆమె వచ్చే వేళకి ఆ ఖాళీలోంచి రోడ్డు మీది ఎండ లోపలికి పడి, రింగు దాకా వస్తుంది.